సున్నపురాతి వయసు, సూక్ష్మశిలాజాల సాక్ష్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం పక్కన కాతేరులోను, గోదావరికి పడమటి వైపున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు పరిసరాల్లోను నల్లరాతి క్వారీలున్నాయి. ఆ క్వారీ గోడను శ్రద్ధగా చూస్తే కింద గట్టిపడిన లావా, పైన మళ్లీ లావా, ఆ రెంటి నడుమ కొద్ది మీటర్ల మందాన లేతరంగు సున్నపురాయి, బంకమన్ను కనిపిస్తాయి. ఒకప్పుడు సముద్రం ఆ చోటికి వచ్చి పోయిందనడానికి ఆ నడుమ పొరే సాక్షి. అది ఎప్పుడు వచ్చిందో తేల్చినవి కంటికి ఆనని గుల్లలు. ఈ పని గురించి విద్యార్థులు, ఉపాధ్యాయులు, రాళ్లంటే ఆసక్తి ఉన్నవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

సూక్ష్మశిలాజం అంటే ఏమిటి?

సూక్ష్మదర్శిని లేకుండా పోల్చుకోలేనంత చిన్న శిలాజం. ఇది ఒక జీవజాతి పేరు కాదు, పరిమాణాన్ని బట్టి పెట్టుకున్న పేరు. సముద్రపు సున్నపురాళ్లలో ఎక్కువగా పనికివచ్చేవి మూడు రకాలు. మొదటివి ఫోరామినిఫెరా. ఇవి ఏకకణ జీవులు, గదులు గదులుగా సున్నపు గుల్ల కట్టుకుంటాయి. రెండోవి కోకోలిత్‌లు. నీటిపై తేలే ఒక రకం శైవలం తన ఒంటిచుట్టూ పేర్చుకునే పలకలివి. ఒక్కో పలక మిల్లీమీటరులో కొన్ని వేయో వంతులే ఉంటుంది. మూడోవి కోనోడాంట్‌లు, అంటే చాలా పాతకాలపు, ఈలుచేపలాంటి జీవి నోటిలోని పళ్లవంటి భాగాలు.

ఫోరామినిఫెరా ఏకకణ జీవులని తెలియడానికి కూడా సమయం పట్టింది. 1826లో వాటికి ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త అల్సీడ్ డోర్బిన్యీ వాటిని చుట్టగుల్ల ఉండే నాటిలస్, ఆక్టోపస్‌ల వర్గంలో చేర్చాడు. గుల్ల చుట్టలు చుట్టుకుని ఉండటం చూస్తే అలా అనుకోవడం సహజమే. 1835లో ఫెలిక్స్ దుజార్దాఁ ఆ పొరపాటును దిద్దాడు.

పెద్ద శిలాజాలు ఉండగా ఈ నలుసులే ఎందుకు?

పెద్ద శిలాజం దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. డైనోసార్ ఎముక కోసం ఏళ్ల తరబడి తిరిగినా ఒక్కటీ దొరక్కపోవచ్చు. గుప్పెడు సముద్రపు మట్టిలో మాత్రం వందల ఫోరామినిఫెరా గుల్లలు ఉండగలవు. పైగా తేలియాడే జాతులను సముద్ర ప్రవాహాలు ఖండాలు దాటించాయి కాబట్టి ఇటలీలో కనిపించిన జాతే ట్యునీషియాలోనూ గోదావరి తీరంలోనూ కనిపిస్తుంది. చాలా జాతులు త్వరగా పుట్టి త్వరగా అంతరించాయి. కాలం చెప్పవలసిన శిలాజానికి ఇంతకంటే మంచి గుణం లేదు. కోట్ల ఏళ్లపాటు మారకుండా బతికిన జాతి ఎంత అందంగా ఉన్నా మాకు అక్కరకు రాదు.

కార్బన్ పరీక్ష చేస్తే సరిపోదా?

సరిపోదు. కార్బన్-14 పద్ధతి సుమారు 50,000 ఏళ్ల వరకే పనిచేస్తుంది. మనం మాట్లాడుకునేవి కోట్ల ఏళ్లు. ఇక సున్నపురాయిలో వయసు లెక్కకు పనికివచ్చే రేడియోధార్మిక మూలకాలు సాధారణంగా తగినంత ఉండవు. లావాలోనో అగ్నిపర్వతపు బూడిదలోనో అవి ఉంటాయి. అందుకే సున్నపురాయి వయసు కావాలంటే పక్కనున్న లావానో బూడిద పొరనో పట్టుకోవాలి, లేదా సున్నపురాయిలోని జీవుల వరసను చదవాలి. రెండూ కలిసి దొరికితే మేలు.

గుల్లను చూసి ఇన్ని కోట్ల ఏళ్లని ఎలా చెబుతారు?

నిజానికి గుల్ల సంవత్సరం చెప్పదు. ఈ ఒక్క సంగతి స్పష్టమైతే సగం సందేహాలు తీరిపోతాయి.

శాసనాలు చదివేవారి పని తీరు గుర్తు చేసుకోండి. తేదీ లేని తెలుగు శాసనం దొరికితే అక్షరాల తీరు చూస్తారు. తలకట్టు ఎలా ఉంది, ఏ అక్షరం ఇంకా పాత రూపంలోనే ఉంది అని పరిశీలించి, ఇది ఫలానా శాసనం కంటే తరవాతిది, ఫలానా దానికంటే ముందటిది అని నిర్ణయిస్తారు. అంటే వరస తెలుస్తుంది. శక సంవత్సరం వేసిన మరో శాసనంలో అదే లిపి కనిపించినప్పుడు ఆ వరసకు అంకె వస్తుంది.

మా పనీ అంతే. గుల్లల తీరు మాకు లిపి. ఏ జాతి ముందు వచ్చింది, ఏది తరవాత వచ్చింది, ఏది ఎప్పుడు మాయమైంది అన్న వరస ప్రపంచంలో ఎన్నో చోట్ల పొర మీద పొరగా చూసి కట్టినది. శక సంవత్సరం వేసే పని లావా వయసుది, బూడిద వయసుది, రాతిలో నిలిచిపోయిన భూమి అయస్కాంత దిశది. కాబట్టి ‘ఈ సున్నపురాయి వయసు ఇంత’ అని ఎవరైనా చెబితే వరస ఎక్కడిది, అంకె ఎక్కడిది అని రెండూ అడగండి.

జోన్ అంటే ఏమిటి?

ఒక జాతి పుట్టుకకూ, అదే జాతి లేదా మరో జాతి అంతానికీ నడుమ పేరుకున్న పొరల భాగం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇటలీలో గుబ్బియో అనే ఊరి దగ్గర గులాబిరంగు సున్నపురాతి కొండలున్నాయి. అక్కడ క్రిటేషియస్ యుగపు చివరి పొరల్లో గ్లోబోట్రంకానా వంటి పెద్ద గుల్లలు ఉంటాయి. అంచున గట్టులాంటి ఒరతో చూడగానే గుర్తుపట్టేలా ఉంటాయి. వాటిపైన సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల బంకమన్ను ఉంటుంది. ఆ మన్ను దాటగానే పెద్ద గుల్లలు మాయమై, మిల్లీమీటరులో పదో వంతు ఉండే బుల్లి గుల్లలు మొదలవుతాయి. 1964లో లూటర్‌బాకర్, ఇసబెల్లా ప్రెమోలీ సిల్వా వాటిలో ఒక జాతిని వర్ణించి ఆ ఊరి పాత పేరు మీదుగా యూగుబినా అని పేరు పెట్టారు. ఇప్పుడు దాని పూర్తి పేరు పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా. నోరు తిరగని పేరే, ‘చిన్నది, ముడతలున్నది’ అన్న అర్థం అందులోనే ఉంది. ఇది బతికిన కాలాన్నే పి1ఎ జోన్ అంటారు. దానికి ముందు, క్రిటేషియస్ చివర డైనోసార్లతో సహా ఎన్నో జీవులు అంతరించిన మహావినాశనం జరిగిన వెంటనే వచ్చిన కొద్ది కాలం పి0. పి1ఎ ముగిసేసరికి వినాశనం జరిగి సుమారు 3 లక్షల ఏళ్లు గడిచాయి. కోట్ల లెక్కలో 3 లక్షల ఏళ్లను విడిగా పట్టుకోగలగడం చిన్న సంగతి కాదు.

1980లో ఆల్వారెజ్ బృందం ఇరిడియం లోహాన్ని గుర్తించి గ్రహశకలం ఢీకొన్న సంగతి చెప్పింది కూడా అదే గుబ్బియో మన్ను నుంచే. ఆ మన్ను ఏ కాలానిదో అప్పటికే తెలిసి ఉండటం ఈ బుల్లి గుల్లల చలవే.

మరి రాజమండ్రి సున్నపురాయి వయసు ఎలా తేలింది?

ఈ పొరల గురించి 19వ శతాబ్దం నుంచీ రాస్తూనే ఉన్నారు. నత్తగుల్లలు, ఆల్చిప్పలు, మంచినీటి శైవలాల కాయలు దొరికాయి. నదీముఖంలో, లోతులేని సముద్రంలో పేరుకున్న పొర అని అర్థమైంది. అయితే ఆ శిలాజాలు కాలాన్ని అంత సూక్ష్మంగా చెప్పగలిగినవి కావు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, ఐరోపా, భారతీయ సహచరులతో కలిసి ఈ క్వారీల నుంచి నమూనాలు తీసి, 2008లో ఫలితాలు ప్రకటించారు. లావాల నడుమ ఉన్న పొరల్లో తేలియాడే ఫోరామినిఫెరా దొరికాయి. వాటిలో యూగుబినా ఉంది. అంటే ఆ సముద్రపు పొర పి1ఎ జోన్‌లో, అంటే క్రిటేషియస్ వెంటనే వచ్చిన డేనియన్ దశ మొదట్లో పేరుకుంది. క్రిటేషియస్ యుగం ముగిసిన కొద్ది కాలానికే అన్నమాట.

ఇప్పుడు దీనికి అయస్కాంత సాక్ష్యం కలపండి. భూమి అయస్కాంత దిశ కాలక్రమంలో అప్పుడప్పుడూ తలకిందులవుతుంది, లావా చల్లారేటప్పుడు అప్పటి దిశ అందులో నిలిచిపోతుంది. కింది లావాలో నిలిచిన దిశ నేటి దిశకు తలకిందులుగా ఉంది. అది సి29ఆర్ అనే కాలఖండం. పై లావాలో దిశ నేటిలాగే ఉంది, అది సి29ఎన్. క్రిటేషియస్ ముగింపు, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ క్షణం, సి29ఆర్‌లోనే పడుతుంది. గుల్లల వరస, అయస్కాంతపు వరస ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. దూరదూరాన, సంబంధం లేని దారుల్లో వచ్చిన రెండు సాక్ష్యాలు ఒకే మాట చెప్పడమే ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

ఆ లావా ఇక్కడిది కాదన్నది మరో విశేషం. దాని రసాయన కూర్పు పడమటి కనుమల్లోని మహాబలేశ్వరం ప్రాంతపు ప్రవాహాలతో సరిపోలుతుంది. నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రతీరానికి చేరిందని 2008లోనే మరో బృందం వాదించింది. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉన్నాయి. కాబట్టి రాజమండ్రి గుల్లలు గోదావరి తీరం వయసుతోపాటు దక్కన్ పీఠభూమి లావా కాలాన్నీ పట్టి ఇస్తున్నాయి. పడమటి కనుమల్లో సముద్రపు పొరలు లేవు కనుక అక్కడ ఈ పని సాధ్యం కాదు.

అయితే డైనోసార్లు అంతరించింది దక్కన్ లావా వల్లేనని రుజువైనట్టేనా?

కాలేదు. గుల్లలు చెప్పింది ఎంతవరకో అంతవరకే తీసుకోవాలి. పి1ఎ పొర కింది లావా మీద కూర్చుంది కాబట్టి ఆ లావా పి1ఎ కంటే ముందటిది. ఎంత ముందటిది? గుల్లలు ఆ మాట చెప్పలేవు. లావా చల్లారాక సముద్రం వచ్చేలోగా ఎంత కాలం గడిచిందో ఆ పొరలో రాసి లేదు. కింది లావాతో దక్కన్ లావా ప్రధాన దశ ముగిసిందని, అది వినాశన కాలానికి చాలా దగ్గరగా జరిగిందని కెల్లర్ బృందం వాదన. 2019లో రెండు వేర్వేరు బృందాలు పడమటి కనుమల లావాకు రేడియోధార్మిక పద్ధతుల్లో వయసు కట్టి, క్రిటేషియస్ ముగింపు ఆ లావా గుట్టలో ఎక్కడ పడుతుందో, ఏ దశలో ఎంత లావా వచ్చిందో విషయంలో వేర్వేరు నిర్ణయాలకు వచ్చాయి. చర్చ ఇంకా నడుస్తోంది. ఆ చర్చలో యూగుబినా సాక్ష్యం మాత్రం చెక్కుచెదరలేదు.

గుల్లలను రాతి నుంచి ఎలా బయటికి తీస్తారు?

రాయిని బట్టి పద్ధతి మారుతుంది. మెత్తని సున్నపు మట్టి అయితే ముక్కలు చేసి, ఎండబెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో నానబెడతాం. మన్ను విచ్చుకున్నాక సన్నటి జల్లెడ మీద కుళాయి నీటితో కడుగుతాం. మన్ను పోయి గుల్లలు మిగులుతాయి. ఎండాక గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో పలుచగా చల్లి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, తడిపిన అతిసన్నని కుంచె కొసతో ఒక్కొక్క గుల్లనూ ఎత్తుతాం. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపిక కావాలి, చెయ్యి మాత్రం అంతకంటే నిలకడగా ఉండాలి.

ఇక్కడ జల్లెడ కన్ను ఎంతన్నదే ప్రాణం. మామూలుగా వాడే 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ పడితే యూగుబినా మొత్తం నీళ్లతోపాటు కాలువలోకి పోతుంది. మిగిలిన దాంట్లో ఏమీ లేదు కాబట్టి ఈ పొరలో తేలియాడే జాతులే లేవని రాసేస్తాం. డేనియన్ మొదటి పొరలకు 63 మైక్రాన్లు, వీలైతే 38 మైక్రాన్ల జల్లెడ వాడాలి. నేను నేర్చుకునే రోజుల్లో ఒక నమూనాను ముతక జల్లెడతో కడిగి ‘శిలాజాలు లేవు’ అని చీటీ రాశాను. మిగిలిన రాతి ముక్కను సన్న జల్లెడతో మళ్లీ కడిగించారు. పళ్లెం నిండా గుల్లలు. ‘లేవు’ అని రాసేముందు ఏ జల్లెడో రాయడం ఆ రోజు నుంచి అలవాటైంది.

జల్లెడ గురించి ఇంకో జాగ్రత్త. ఒక నమూనా గుల్లలు కళ్లలో ఇరుక్కుని తరవాతి నమూనాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకని ప్రతి నమూనాకూ ముందు జల్లెడను మిథిలీన్ బ్లూ రంగునీటిలో ముంచుతాం. ఇరుక్కున్న పాత గుల్లలకు నీలం అంటుకుంటుంది. తరవాతి పళ్లెంలో నీలి గుల్ల కనిపిస్తే అది పక్క నమూనాదని పక్కన పెట్టేస్తాం.

గట్టి సున్నపురాయి నీటికి విచ్చుకోదు. ఆమ్లం పోస్తే రాయితోపాటు గుల్లా కరిగిపోతుంది, రెండూ ఒకే పదార్థం మరి. అప్పుడు రాయిని కోసి, గాజు పలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తాం. వెలుగు దాని గుండా సాగుతుంది, గుల్లల అడ్డుకోతలు కనిపిస్తాయి. అడ్డంగా కోసిన ఉల్లిపాయ రింగును చూసి ఉల్లిపాయ ఎలా ఉంటుందో ఊహించడం లాంటిది ఈ చదువు. కోకోలిత్‌లకైతే అగ్గిపుల్ల కొసకు అంటినంత మట్టి చాలు. నీటిచుక్కతో గాజు మీద పూసి వెయ్యి రెట్ల వృద్ధితో చూస్తాం.

ఒక్క గుల్ల దొరికితే వయసు చెప్పేయవచ్చా?

వద్దు. పాత రాళ్లు కోసుకుపోయినప్పుడు వాటిలోని గుల్లలు కొట్టుకొచ్చి కొత్త మట్టిలో చేరతాయి. డేనియన్ పొరలో క్రిటేషియస్ గుల్లలు ఇలా కనిపించడం చాలా మామూలు. వాటి రంగు వేరుగా ఉంటుంది, అంచులు అరిగి ఉంటాయి, లోపల నిండిన పదార్థం చుట్టూ ఉన్న మట్టితో కలవదు. ఏ పొరకైనా అందులోని అతి కొత్త జాతే వయసు చెబుతుంది. పాత తాళపత్రం కొత్త పుస్తకాల బీరువాలో దొరికినంత మాత్రాన బీరువా పాతది కాదు కదా. అందుకే పొర పొరకూ నమూనాలు, ఒక్కో నమూనాలో వీలైతే 300 గుల్లల లెక్క, వాటి నిష్పత్తులు చూస్తాం.

చమురు బావుల్లో కూడా ఇదే పద్ధతా?

అదే, కానీ చూపు తలకిందులవుతుంది. బావి తవ్వేటప్పుడు రాతి తునకలు బురదతోపాటు పైకి వస్తాయి. పై గోడల నుంచి రాలిన కొత్త గుల్లలు కిందివాటితో కలిసిపోతాయి. అందువల్ల కిందికి వెళుతుంటే ఒక జాతి ‘చివరిసారి ఎక్కడ కనిపించింది’ అన్నదాన్ని నమ్మలేం, పైనుంచి రాలి ఉండవచ్చు. ‘మొదటిసారి ఎక్కడ తగిలింది’ అన్నదాన్ని నమ్మవచ్చు, అది ఆ జాతి అంతరించిన మట్టం. క్వారీ గోడ దగ్గర పుట్టుకలను ఎక్కువ నమ్ముతాం, బావిలో అంతాలను నమ్ముతాం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్జీసీ తవ్విన బావుల్లోనూ లావా ప్రవాహాల నడుమ సముద్రపు పొరలు తగిలాయి. రాజమండ్రి క్వారీల కథను కెల్లర్ బృందం ఆ తరవాత ఈ బావుల్లోకి పొడిగించింది.

రెండు దూర ప్రాంతాల పొరలు ఒకే కాలానివని ఎలా నిర్ధారిస్తారు?

రెండు చోట్లా సున్నపురాయే ఉంది కదా అని కలిపేయకూడదు. సముద్రం మెల్లగా నేల మీదికి వస్తున్నప్పుడు ఒకే రకం సున్నపురాయి ఒక ఊరిలో ముందు, మరో ఊరిలో లక్షల ఏళ్ల తరవాత పేరుకుంటుంది. రాయి పోలిక అది ఎలాంటి చోట పేరుకుందో చెబుతుంది, ఎప్పుడు పేరుకుందో కాదు.

అలెన్ షా 1964లో చూపిన ఉపాయం చాలా సులువైనది. గ్రాఫు కాగితం మీద ఒక అంచున మొదటి ఊరి పొరల ఎత్తు, రెండో అంచున రెండో ఊరి పొరల ఎత్తు తీసుకోవాలి. ఒక జాతి పుట్టిన మట్టం రెండు చోట్లా ఎంత ఎత్తున ఉందో చూసి ఒక చుక్క పెట్టాలి. ఇలా పుట్టుకలు, అంతాలు అన్నిటికీ చుక్కలు పెడితే ఒక గీత కనిపిస్తుంది. గీత నిటారుగా లేచిన చోట ఒక ఊరిలో మట్టి వేగంగా పేరుకుంది. అడ్డంగా సాగిన చోట ఒక ఊరిలో పొరలే లేవు, ఆ కాలం అక్కడ రాయబడలేదు. గీతకు దూరంగా పడిన చుక్కను అనుమానించాలి, ఆ జాతి ఒక చోటికి ఆలస్యంగా చేరి ఉంటుంది.

అంతకంటే పాత సున్నపురాళ్ల మాటేమిటి?

తేలియాడే ఫోరామినిఫెరా క్రిటేషియస్‌కు ముందటిదైన జురాసిక్ యుగంలో మొదలయ్యాయి. అంతకు ముందటి కాలానికి ఎక్కువగా కోనోడాంట్‌లే దిక్కు. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి కేంబ్రియన్ యుగం నుంచి, జురాసిక్‌కు ముందటిదైన ట్రయాసిక్ చివరి దాకా ఇవి ఉన్నాయి. ఇవి ఫాస్ఫేటుతో తయారైనవి కాబట్టి సున్నపురాయిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తే అడుగున మిగులుతాయి. చైనాలోని మెయ్‌షాన్‌లో హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ మొదట కనిపించిన మట్టాన్నే 2001లో ట్రయాసిక్ యుగ ఆరంభంగా అంతర్జాతీయంగా నిర్ణయించారు. పక్కనున్న బూడిద పొరలు దానికి 25.19 కోట్ల ఏళ్లన్న అంకె ఇచ్చాయి. వరస శిలాజాలది, అంకె బూడిదది అన్న మాటకు ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు తెలియదు.

బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లలో ఇవి దొరుకుతాయా?

దొరకవు. ఈ ప్రశ్న సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్ల పిల్లలు తప్పకుండా అడుగుతారు. కర్నూలు, పల్నాడు, తాండూరు నాపరాళ్లు కేంబ్రియన్ కంటే ముందటి కాలానివి. గుల్ల కట్టుకునే ఫోరామినిఫెరా గానీ కోనోడాంట్ జీవులు గానీ అప్పటికి పుట్టలేదు. కడప జిల్లా వేంపల్లె పొరల్లో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకుని గట్టిపడిన గోపురాలవి. కాలాన్ని అంత సన్నగా విభజించే శక్తి వాటికి లేదు.

ఇంట్లో మొదలుపెట్టాలంటే ఎలా?

రాయితో కాకుండా నేటి బురదతో మొదలుపెట్టండి. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల, మడ అడవుల పక్కన పాయల్లో, పైపొర బురద ఒక చెంచాడు తీసుకోండి. ఒడ్డు జారుడుగా ఉంటుంది, ఒంటరిగా వెళ్లవద్దు. పాత పట్టుగుడ్డలో పోసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, నీడన ఆరబెట్టి, నల్ల కాగితం మీద చల్లి, బడిలోని సూక్ష్మదర్శినిలో 40 రెట్ల వృద్ధితో చూడండి. నత్తలా చుట్టుకున్న, లేత పసుపురంగు గుల్ల కనిపిస్తే అది బహుశా అమ్మోనియా అనే ఫోరామినిఫెరా జాతిది (వాయువుతో సంబంధం లేదు). ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట్ల విరివిగా బతుకుతుంది. గుల్లలను కాగితంలో మడిచేముందు ఏ ఊరు, ఏ తేదీ, ఎంత లోతున తీసినది, ఏ గుడ్డతో కడిగినది అన్నవి దాని మీదే పెన్సిలుతో రాయండి. సిరా తడికి చెరిగిపోతుంది.